శనివారం ఉత్తరం

మన ఇళ్ళల్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే సాయంత్రానికల్లా వీధి మొత్తానికి తెలిసిపోతుంది. షుగరు వచ్చిందని చెప్పుకుంటాం. బీపీ మాత్ర వేసుకుంటున్నామని చెప్పుకుంటాం. మోకాళ్ళ నొప్పుల గురించైతే పెళ్ళి పందిట్లో కూర్చుని గంటసేపు మాట్లాడుకుంటాం. రొమ్ము క్యాన్సరు అనే మాట వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గిపోతుంది. తలుపు దగ్గరగా వేసి "ఆ జబ్బటమ్మా" అంటాం. 2022 లెక్కల ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో కొత్తగా సుమారు 1 లక్షా 90 వేల మంది ఆడవాళ్ళకు ఈ జబ్బు వచ్చింది. అంతమందికి వచ్చేదాన్ని ఇంకెంతకాలమని పేరు పెట్టకుండా పిలుస్తాం చెప్పండి?

నాకు వచ్చిందని 2024 మే నెలాఖరులో తెలిసింది. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో రేగుపండంత గట్టిగా చేతికి తగిలింది. నొప్పి లేదు. ఆ వారంలోనే డాక్టరమ్మకు చూపించుకున్నాను. మామోగ్రాం, స్కానింగు అయ్యాక సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రెండో దశ అన్నారు. జూన్‌లో రొమ్ము తీసేసే ఆపరేషను, తర్వాత కీమో, ఆ పైన రేడియేషను. అంతా కలిపి ఎనిమిది నెలలు పడుతుందని కాగితం మీద రాసిచ్చారు. మేముండేది తెనాలి, వైద్యం గుంటూరులో.

వైద్యం సంగతి డాక్టర్లు చూసుకున్నారు. ఆ ఎనిమిది నెలలూ నన్ను నలుగురితో కలిపి ఉంచిన సంగతి ఇంకొకటుంది. అది మీకు చెబుదామనే ఇది రాస్తున్నాను.

బయట చెప్పొద్దు

రిపోర్టులు వచ్చిన రాత్రి మా ఇంట్లో పెద్దవాళ్ళంతా కూర్చున్నారు. మా బావగారు చాలాసేపు ఆలోచించి, "ఆడపిల్ల పెళ్ళి కావలసిన ఇల్లు. ఈ మాట బయటికి పొక్కితే రేపు సంబంధాలు రావు. గర్భసంచి ఆపరేషను అని చెబుదాం" అన్నారు. ఆయన మా అమ్మాయి మీద ప్రేమతోనే అన్నారు. మా అత్తగారు కూడా, "మనింట్లో మాట మనింట్లోనే ఉండనీ అమ్మాయ్" అన్నారు. మావారు ఏమీ అనలేదు. నా మొహం వంక చూశారు.

రెండు రోజులు ఆలోచించాను. కీమో మొదలైతే జుట్టు ఊడిపోతుందని డాక్టరుగారు ముందే చెప్పారు. గర్భసంచి ఆపరేషనుకు జుట్టు ఎందుకు ఊడిందని అడిగితే ఏం చెబుతాం? డిగ్రీ చదివే మా అమ్మాయి ఎనిమిది నెలలపాటు కాలేజీలో స్నేహితురాళ్ళతో రోజుకో అబద్ధం ఆడాలా? ఇవన్నీ ఒకెత్తు, డాక్టరుగారు చెప్పిన ఇంకో మాట ఒకెత్తు. ఈ జబ్బు వచ్చిన నూరు మందిలో 5 నుంచి 10 మందికి అది వంశపారంపర్యంగా వస్తుందట. అందుకని రక్తసంబంధం ఉన్న ఆడవాళ్ళకు తెలియడం మంచిదన్నారు. మన సినిమా నటి హంసా నందిని 2021 డిసెంబరులో తనకు రొమ్ము క్యాన్సరు వచ్చిందని తానే అందరికీ చెప్పారు. వాళ్ళ అమ్మగారు అదే జబ్బుతో పోయారు. తనకున్నది వంశపారంపర్యంగా వచ్చే రకమని పరీక్షలో తేలిందని కూడా ఆవిడ దాచలేదు. అంత పేరున్న మనిషి చెప్పగా లేనిది నేను చెప్పడానికేం?

మూడో రోజు పొద్దున్న కాఫీల దగ్గర అన్నాను. "గర్భసంచి అని చెబితే మా చెల్లెలు వెళ్ళి గర్భసంచి చూపించుకుంటుంది. చూపించుకోవలసింది అది కాదు కదండీ! నా జబ్బు గురించి నేనే చెబుతాను, నా మాటల్లో చెబుతాను" అన్నాను. మా అమ్మాయి వెంటనే, "దీనికి భయపడే సంబంధం నాకొద్దు పెదనాన్నా" అంది. బావగారు ఇంకేమీ మాట్లాడలేదు. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం దాని తల మీద చెయ్యి వేసి వెళ్ళారు.

ఒకటే కథ ముప్ఫైసార్లు

ఆపరేషనై ఇంటికొచ్చాక ఫోన్లు మొదలయ్యాయి. అభిమానంతో చేసేవాళ్ళే, కాదనను. కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచీ అదే కథ. ఎలా తెలిసింది, ఎంత గడ్డ, ఏ దశ, డబ్బెంత అయింది. ఒకరితో చెప్పి ఫోను పెట్టేలోపు ఇంకొకరు. ఇరవయ్యో మనిషికి చెప్పేటప్పటికి ఆ కథ నాది కానట్టు, ఎవరో చెప్పించుకుంటున్నట్టు ఉండేది. కొందరు అది వినేసి, వాళ్ళ మేనమామగారి కోడలు ఇలాగే అయి ఎన్నాళ్ళు బతికిందో చెప్పేవాళ్ళు. ఇంకొకరు ఏదో ఆకు పసరు పరగడుపున తాగమనేవాళ్ళు. నేను నిద్రపోతుంటే మావారు మాట్లాడేవారు. ఆయనకు ముందే మాటలు తక్కువ. మిల్లులో లెక్కలు రాసుకుని సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి ఫోనులో రిపోర్టులు అప్పజెబుతుంటే చూడలేకపోయేదాన్ని.

ఇది ఒక రకం. ఇంకో రకం వాళ్ళు అసలు ఫోనే చెయ్యలేదు. ఇంటర్‌లో నా పక్క బెంచీ స్నేహితురాలు, నా పెళ్ళిలో బుగ్గన చుక్క పెట్టిన మనిషి, నెల రోజులు గడిచినా పలకలేదు. కుట్ల నొప్పికి మాత్ర ఉంది. దానికి లేదు.

అలా ఒక మధ్యాహ్నం పడుకుని ఉంటే మా అమ్మ రాసే ఇన్‌లాండ్ ఉత్తరాలు గుర్తొచ్చాయి. మా చిన్నతనంలో ఒక్క ఇన్‌లాండ్ కవరులో ఊరంతా పట్టేది. "ఇక్కడ మేమందరం క్షేమం" అని మొదలుపెట్టి, తాతయ్య దగ్గు, గేదె ఈనిన సంగతి, అక్క పరీక్షలు, మడతపెట్టే అంచు మీద అడ్డంగా "చింతపండు పంపిస్తున్నాను" అని. ఆ ఉత్తరం పిన్ని ఇంట్లో అందరూ చదివి, పక్కింటివాళ్ళకి కూడా వినిపించేవారట. ఒకసారి రాస్తే పదిమందికి చేరేది. ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు చదువుకునేవాళ్ళు. రాసిన మనిషిని ఎవరూ ఆపి ప్రశ్నలు వేసేవాళ్ళు కాదు.

నేనూ అలాగే రాద్దామనుకున్నాను. కీమో సోమవారం. మంగళవారం నుంచి శుక్రవారం దాకా తల ఎత్తలేను. శనివారానికి కాస్త లేచి కూర్చోగలను. అందుకని వారం వారం శనివారం ఒక ఉత్తరం. రూళ్ళ కాగితం మీద నా చేత్తో రాసేదాన్ని. మా అమ్మాయి దాన్ని ఫోనులో ఫోటో తీసి మా వాళ్ళు నలభైమందికి పంపేది. ఫోను వాడని మా పెద్దమ్మకీ, మా పాత తెలుగు మాస్టారికీ జిరాక్సు తీయించి పోస్టు చేసేది.

ఏం రాసేదాన్నంటే

మొదటి ఉత్తరం 2024 జూలై 27న రాశాను. అందులో కొంత ఇక్కడ రాస్తాను. ఇలాంటిది రాయవలసి వస్తే మీకు దారి తెలుస్తుంది.

"అందరికీ. సోమవారం మొదటి కీమో అయింది. ఎర్ర మందు ఎక్కించారు. చూడటానికి రూహఫ్జాలా ఉంది. మర్నాడు బాత్రూమ్‌లో కూడా ఎర్రగా వస్తే భయపడకమ్మా అని నర్సమ్మ ముందే చెప్పింది కాబట్టి భయపడలేదు. ఇలాంటివి 21 రోజులకొకటి చొప్పున నాలుగు. తర్వాత వేరే మందు వారానికొకటి చొప్పున పన్నెండు. వాంతులు రెండు రోజులున్నాయి. పోపు వాసన పడటం లేదు. మా పక్కింటివాళ్ళు పోపు వేసేటప్పుడు కిటికీ మూస్తున్నారు, వాళ్ళకి దణ్ణం. నాకు కావలసినవి రెండు. గురువారాలు మధ్యాహ్నం ఎవరైనా వచ్చి అత్తగారి దగ్గర గంట కూర్చుంటే నేను నిద్రపోతాను. రెండోది, మందులూ పసర్లూ ఎవరూ చెప్పొద్దు, నాకు డాక్టరుగారున్నారు. జవాబు రాయాలని లేదు, చదివితే చాలు. పెరట్లో బీరపాదు పందిరెక్కింది. టమాటాలు మీ ఊళ్ళో కిలో ఎంత?"

ఇంతే. జరిగింది ఉన్నదున్నట్టు, మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళే తేదీ, నాకు కావలసిన సాయం, చివర జబ్బుతో సంబంధం లేని మాట ఒకటి. ఆ చివరి మాటకే ఎక్కువ జవాబులు వచ్చేవి! టమాటా ధరలు ఆరు ఊళ్ళ నుంచి వచ్చాయి. ఏం మాట్లాడాలో తెలియక ఊరుకున్నవాళ్ళకు టమాటా దారి చూపించింది.

ఇంటర్ స్నేహితురాలు కూడా అలాగే దొరికింది. "మా ఊళ్ళో నలభై" అని ఒక్క ముక్క పంపింది. గంటయ్యాక, "ఫోను చేతిలోకి తీసుకుని ఎన్నిసార్లు పెట్టేశానో నీకు తెలియదే. నీ గొంతు వింటే ఏడుస్తానని భయం" అని రాసింది. ఆ తర్వాతి గురువారం నుంచి మా అత్తగారి దగ్గర కూర్చునే వంతు తనదే.

తిరుపతి గుండు, శ్రావణ శుక్రవారం

మొదటి కీమో అయిన రెండు వారాలకు దిండు మీద జుట్టు కుచ్చులుగా రావడం మొదలైంది. ఇల్లంతా వెంట్రుకలు పడుతుంటే రోజూ చూసి బాధపడటం కంటే ఒకేసారి తీయించేయడం నయమనిపించింది. మా అత్తగారు వద్దన్నారు. పసుపుకుంకుమలున్న ఆడది తిరుపతి మొక్కు లేకుండా గుండు చేయించుకోకూడదని ఆవిడ బాధ. మంగలిని ఇంటికి పిలిపించిన రోజు ఆవిడ దేవుడి గదిలోంచి బయటకు రాలేదు. సాయంత్రం వచ్చి నా నుదుటన రూపాయి బిళ్ళంత కుంకుమ పెట్టి, "ఎవరైనా అడిగితే తిరుపతి వెళ్ళొచ్చావని చెప్పు" అన్నారు. ఆ శనివారం ఉత్తరంలో రాశాను. "గుండు చేయించుకున్నాను. తిరుపతి వెళ్ళలేదు. లడ్డూ కోసం ఎవరూ రావద్దు." అది చదివి వినిపిస్తే అత్తగారు కూడా నవ్వేశారు.

నవ్వురాని సంగతి వరలక్ష్మీవ్రతం నాడు జరిగింది. ఆ యేడు ఆగస్టు 16 అయింది. పాతికేళ్ళుగా ఆ వీధిలో ప్రతి ఇంటికీ పేరంటానికి వెళ్ళిన మనిషిని. ఆ రోజు మా గుమ్మంలోకి ఎవరూ రాలేదు. నాలుగు రోజుల ముందే రెండో కీమో అయింది, ఓపిక లేదని వాళ్ళనుకున్నారు. గుండుతో ఉన్నదాన్ని పిలిస్తే ఏమనుకుంటుందో అని కొందరు అనుకున్నారట. కిటికీలోంచి పట్టుచీరలు వెళ్ళడం కనబడుతుంటే పక్కమీద అటు తిరిగి పడుకున్నాను.

మర్నాడు శనివారం. ఉత్తరంలో ఆ సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. ఎవరినీ తప్పు పట్టకుండా రాశాను. "నిన్న ఎవరూ పేరంటానికి పిలవలేదు. జబ్బు అంటుకునేది కాదు. బొట్టు పెట్టించుకోవడానికి జుట్టు అక్కర్లేదు. వచ్చే శుక్రవారం మాత్రం రావద్దు, అప్పటికి నాకు తెల్ల రక్తకణాలు బాగా తగ్గి ఉంటాయి, జలుబు చేసినవాళ్ళు దగ్గరకు రాకూడదు. ఆ పై శుక్రవారం 30వ తేదీ. ఒంట్లో బాగున్నవాళ్ళు ఇద్దరిద్దరుగా రండి. నానబెట్టిన పచ్చి శనగలు ఇప్పుడు నేను తినకూడదు, ఉడికించినవైతే తింటాను."

ఆగస్టు 30న తొమ్మిదిమంది వచ్చారు. కాళ్ళకు పసుపు రాశారు, గుండు మీద కొంగు సర్దుకుని కూర్చుంటే గంధం పెట్టారు. తొమ్మిది పొట్లాలు, అన్నీ గుగ్గిళ్ళే! వారం రోజులు మా ఇంట్లో అందరూ గుగ్గిళ్ళు తిన్నారు. అడగకపోతే ఎవరికీ తెలియదండీ. వాళ్ళు మనల్ని దూరం పెడుతున్నారని మనం అనుకుంటాం. మనకు ఇబ్బంది కలగకూడదని వాళ్ళు దూరంగా ఉంటారు.

ఉత్తరం అటు నుంచి కూడా

మర్నాటి నుంచీ భారీ వానలు. సెప్టెంబరు 1 నాటికి బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగిపోయింది. మా చెల్లెలి ఇల్లు అక్కడే. రెండు రోజులు వాళ్ళ ఫోన్లు పలకలేదు. డాక్టరుగారిని అడిగి నా మూడో కీమో నాలుగు రోజులు వాయిదా వేసుకున్నాం. అప్పుడు శనివారం దాకా ఆగలేదు. మధ్యలోనే నాలుగు వాక్యాలు రాసి పంపాను, ఎవరికైనా దాని జాడ తెలుస్తుందేమోనని. నా కోసం పెట్టుకున్న ఆ నలభైమందిలో ఒకరి మరిది సహాయం బోట్లలో తిరుగుతున్నాడు. మూడో రోజు కబురు తెచ్చాడు. పిల్లలతో సహా మేడ మీద క్షేమంగా ఉన్నారు. ఆ వారం నన్నెవరూ "ఎలా ఉన్నావ్" అని అడగలేదు. అందరం మా చెల్లెలి గురించే మాట్లాడుకున్నాం. చాలా రోజుల తర్వాత నేను కూడా అందరిలాగా ఒక మనిషిననిపించింది.

మావారి రెండు ముక్కలు

ఉత్తరం కింద కాస్త చోటు మిగిలితే మావారిని కూడా ఏదైనా రాయమనేదాన్ని. మొదట్లో, "కాఫీ నేనే పెడుతున్నాను. ఎవరూ రెండోసారి అడగటం లేదు" లాంటివి రాసేవారు. మా బంధువులంతా ఆయన రెండు ముక్కల కోసం చూసేవాళ్ళు.

అక్టోబరు నుంచి వారం వారం మందు మొదలైంది. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కి నా అక్షరాలు వంకర్లు పోయాయి. ఒకసారి జ్వరం 101 వచ్చి అర్ధరాత్రి కారులో గుంటూరు పరుగెత్తాం. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి సెలైన్‌లో యాంటీబయాటిక్స్ ఎక్కించి పంపారు. ఆ శనివారం నేను చెబుతుంటే మా అమ్మాయి రాసింది. కింద ఆయన ఎప్పటిలాగే తీసుకుని రాసి మడిచి ఇచ్చేశారు. అది నేను మర్నాడు చదివాను. "బుధవారం రాత్రి కారులో నాకు చాలా భయమేసింది. ఆవిడకు చెప్పలేదు."

పాతికేళ్ళ కాపురంలో ఆ మనిషి నోట భయం అన్న మాట వినలేదు. ఆపరేషనైన దగ్గర్నుంచీ మా ఇద్దరి మధ్యా మాత్రల టైములూ, రిపోర్టులూ తప్ప వేరే మాటే లేదు. నా వంక సరిగ్గా చూడటం లేదని నాలో నేను కుమిలిపోయేదాన్ని, రొమ్ము లేనిదాన్ని కదా, ఇంకేం చూస్తారులే అని. ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఆయన బియ్యం కడుగుతున్నారు. "నాక్కూడా భయమేసిందండీ" అన్నాను. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. అందులో సగం ఇక్కడ రాసేది కాదు. కానీ ఆపరేషను మచ్చ మొదటిసారి ఆయనకు చూపించింది ఆ రాత్రే. నలభైమందికి రాసిన ఉత్తరం ఒక్క గదిలో ఉన్న ఇద్దరికి కూడా చేరింది.

వదిన ఫోను

మావారి అక్కగారు రేపల్లె దగ్గర పల్లెలో ఉంటారు. 58 ఏళ్ళు. చదువు రాదు, మనవడు నా ఉత్తరాలు చదివి వినిపించేవాడు. నవంబరులో ఒకరోజు వదిన ఫోను చేసి చాలాసేపు పాడి గురించీ, వరికోత గురించీ మాట్లాడింది. పెట్టేసే ముందు, "నువ్వు రాశావే, నొప్పి లేకుండా గట్టిగా తగులుతుందని. నాకూ అట్టాంటిదే ఉందే అమ్మాయ్. మగపిల్లలకు ఏం చెప్పను?" అంది.

నా తరువాతి కీమో రోజు తననూ గుంటూరు రమ్మన్నాను. ఇద్దరం ఒకే వరండాలో కూర్చున్నాం. ఆవిడదీ అదేనని తేలింది, కానీ చిన్నది, మొదటి దశ. రొమ్ము తీయకుండా గడ్డ వరకే తీశారు, రేడియేషను ఇచ్చారు. ఆరోగ్యశ్రీ పథకం కింద అయింది. 2007లో మొదలైన ఆ పథకానికి ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారాయి. మీరు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఎక్కడుంటారో అడిగితే వాళ్ళే చూస్తారు.

వదినలాంటి వాళ్ళ కోసమే ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్ళు 1998లో ఒక పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. లక్షన్నర మంది పేదింటి ఆడవాళ్ళను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో రొమ్ములు పరీక్షించారు. పెద్ద యంత్రాలేమీ లేవు. ఇరవై ఏళ్ళు గమనించి 2021లో ఫలితాలు ప్రకటించారు. 50 దాటిన ఆడవాళ్ళలో ఈ జబ్బుతో చనిపోయేవాళ్ళు దాదాపు 30 శాతం తగ్గారట. తెలిసిన చెయ్యి ఒకటి చూడటానికే అంత ఫలితం ఉంటే, మనం సిగ్గుపడి దాచుకోవడానికి ఎంత ఖరీదు కడుతున్నామో చూడండి.

మీకు నాలుగు మాటలు

మీకో, మీ ఇంట్లోవాళ్ళకో ఈ వైద్యం జరుగుతుంటే ఇవి గుర్తుంచుకోండి.

కబురు మీరే చెప్పండి, వారానికో రోజు పెట్టుకుని చెప్పండి. రాయలేకపోతే ఫోనులో మాట రికార్డు చేసి పంపండి. ఆ వారం బాగాలేకపోతే బాగాలేదనే రాయండి. ఎప్పుడూ ధైర్యంగా ఉన్నట్టు రాయనక్కర్లేదు.

సాయం పేరు పెట్టి అడగండి. "ఏదైనా కావాలంటే చెప్పు" అన్నవాళ్ళకు ఏం చెయ్యాలో నిజంగా తెలియదు. "మంగళవారం మా అమ్మాయికి క్యారేజి పంపు" అంటే సంతోషంగా పంపుతారు.

వండి పంపేవాళ్ళకు ఒక మాట. కీమో వారంలో కారం, నూనె, ఘాటైన పోపు వద్దు. ఇడ్లీ, పెసరపప్పు కట్టు, పల్చని చారు, మెత్తటి అన్నం, కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన పెరుగు నాకు బాగా పడ్డాయి. కోసి ఉంచిన పళ్ళు, పచ్చి పచ్చళ్ళు, బయట రసాలు వద్దన్నారు. నోరు పూస్తే గోరువెచ్చటి నీళ్ళలో కాస్త ఉప్పు, చిటికెడు వంటసోడా వేసి పుక్కిలించమన్నారు. కొంచెం కొంచెం, రోజుకు ఐదారుసార్లు తినాలి.

కీమో జరిగే రోజుల్లో జ్వరం 100.4 దాటితే ఇంట్లో మాత్ర వేసుకుని పడుకోకూడదు. అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. థర్మామీటరు దిండు పక్కనే పెట్టుకోండి.

పరామర్శకు వెళ్ళేవాళ్ళు పోయినవాళ్ళ కథలు చెప్పకండి. "అయ్యో, ఎంత చిక్కిపోయావ్" అనకండి, ఆవిడకు అద్దం ఉంది. పది నిమిషాలు కూర్చుని లేవండి. జలుబుంటే వెళ్ళకండి.

నాకు 2025 ఫిబ్రవరిలో రేడియేషను అయిపోయింది. ఇప్పుడు రోజుకో మాత్ర, ఐదేళ్ళు వాడాలి. ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. వెళ్ళే ముందు రోజు రాత్రి ఇప్పటికీ నిద్రపట్టదు. శనివారం ఉత్తరం నెలకో ఉత్తరమైంది. జుట్టు ఉంగరాలు తిరిగి వచ్చింది. వదిన, నేను ఒకే రోజు చూపించుకుని, బస్టాండులో టీ తాగి ఎవరి బస్సు వాళ్ళం ఎక్కుతాం. మా అమ్మాయికి సంబంధాలు వస్తున్నాయి. చూసుకోవడానికి వచ్చేముందే వాళ్ళకు నా సంగతి అదే చెబుతోంది.

ఇది చదువుతుంటే మీకు ఎవరో ఒకరు గుర్తొచ్చి ఉంటారు. జబ్బు పడ్డారని తెలిసి, ఏం మాట్లాడాలో తెలియక మీరు ఫోను చెయ్యని మనిషి. ఇవాళ చెయ్యండి. జబ్బు గురించి అడగకపోయినా ఫర్వాలేదు. మీ ఇంట్లో ఈ పూట ఏం కూర వండారో చెప్పండి, మీ ఊళ్ళో టమాటాలు కిలో ఎంతో చెప్పండి. నా మాట నమ్మండి, ఆవిడ వింటుంది.